పెట్టినవాడికి కూడా తీసే దారి లేదు

పోయిన నెల మా కాలేజీ పాత విద్యార్థుల గ్రూపులో ఒక ఫోటో వచ్చింది. ఫోటో చుట్టూ పూలదండ, కింద నాలుగు వరుసలు. "మన ప్రియతమ ల్యాబ్ అసిస్టెంటు గారు ఇక లేరని తెలియజేయడానికి చింతిస్తున్నాం. కాలేజీకి వారు చేసిన సేవలు మరువలేనివి. యాజమాన్యం తరఫున ప్రగాఢ సంతాపం." దాని కింద చేతులు జోడించిన బొమ్మలు వరసగా వచ్చిపడ్డాయి. ఒక్కరూ ఒక్క మాట రాయలేదు. బొమ్మ నొక్కడం, పోవడం.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆయన ల్యాబ్ అసిస్టెంటు కాదు, అటెండరు. ఉన్నన్నాళ్ళూ అటెండరుగానే ఉంచారు, అటెండరుగానే వెళ్ళగొట్టారు. బతికుండగా ఇవ్వని పదవి పోయాక ఇచ్చారు, ఇప్పుడైతే జీతం పెంచాల్సిన పనిలేదు కదా. ఆ ఫోటో కూడా ఆయన ఒక్కడికీ తీసింది కాదు. ఇన్‌స్పెక్షన్ రోజు అందరూ నిలబడి తీయించుకున్న గ్రూపు ఫోటోలో ఓ చివర ఉన్న మనిషిని కత్తిరించి తెచ్చారు. సరిగా కత్తిరించలేదు. కింద మూలన స్టీలు గ్లాసుల ట్రే అంచు కనబడుతూనే ఉంది.

ఆ నాలుగు వరుసలు ఆయన చూసి ఉంటే ఏమనేవాడో నాకు తెలుసు. "ఇది ఎవురు రాసినారు? యాడ చూసి రాసినారు? ఉండేది మొత్తం పెట్టమను" అనేవాడు. ఆయన జీవితంలో ఎక్కువసార్లు అన్న మాట అదే. మొత్తం పెట్టు.

తిరుపతి చుట్టుపక్కల చెరకు తోటల మధ్య ఇంజనీరింగ్ కాలేజీలు వరసగా లేచిన రోజులవి. వాటిలో ఒకదాంట్లో నేను చదివాను. పేరు చెప్పను, చెప్పినా ఇప్పుడు వేరే పేరుతో ఉంది. మా కంప్యూటర్ ల్యాబు మొదటి అంతస్తులో. చెప్పులు బయటే విప్పాలి. ఆ నియమం కాలేజీది కాదు, ఆయనది. వాకిట్లో స్టూలు వేసుకుని కూర్చునేవాడు. నలభై అయిదేళ్ళుంటాయేమో, చెవి మీద పెన్సిలు, జేబులో కత్తిరించిన పాత హాల్‌టికెట్ల వెనకవైపు చీటీలు. లెక్చరర్లయినా సరే, బూట్లతో లోపలికి అడుగు పెట్టబోతే "సార్" అనేవాడు. అంతే. ఆ ఒక్క 'సార్'కి వాళ్ళు వంగి లేసులు విప్పుకునేవాళ్ళు.

ఆయన చదువు పదో తరగతి. కంప్యూటర్ పత్రికలతో అప్పట్లో ఉచితంగా సీడీలు వచ్చేవి. మా లెక్చరర్లు పత్రికను అరలో పెట్టి, సీడీని చెత్తబుట్టలో వేసేవాళ్ళు. ఆయన బుట్ట ఊడుస్తూ ఆ సీడీలు ఏరుకుని, మూలన పాడైన మిషన్లను ఒకదాని భాగాలు ఇంకోదానికి తగిలించి, వాటి మీద ఆ సీడీల్లోని లినక్సు, అంటే విండోసు లాంటిదే ఇంకో వ్యవస్థ, ఎక్కించుకున్నాడు. మౌసు లేదు, బొమ్మలు లేవు, నల్ల తెర మీద తెల్లక్షరాలు. దాన్లోనే ఉండే సహాయం పేజీలు చదివి ఇంగ్లీషు నేర్చుకున్నాడు. అందుకే ఆయన ఇంగ్లీషులో 'గుడ్ మార్నింగ్' ఉండేది కాదు గానీ 'నో సచ్ ఫైల్' ఉండేది.

ప్రోగ్రాము రాలేదని ఎవరైనా దగ్గరికి పోతే ఒక తంతు నడిచేది.

"అన్నా, ప్రోగ్రాము రావడం లేదు."

"రావడం లేదంటే? అది ఏమన్నాది?"

"ఏదో ఎర్రరన్నా."

"ఏదో ఎర్రర్ అనే అన్నాదా అది? నువ్వు అనుకునేది నాకు వద్దబ్బా. అది అన్నది పెట్టు. మొత్తం పెట్టు."

పెట్టడమంటే ఆయన భాషలో ఒకే పని. ఆ నల్ల తెర మీద ఒక కమాండు ఉండేది. దాని పక్కన ఫైలు పేరు కొట్టి ఎంటర్ నొక్కితే, ఫైల్లో ఉన్న అక్షరాలన్నీ ఏ దేశంలోనో ఉన్న ఒక సైటుకు వెళ్ళి అక్కడ ఒక పేజీగా కూర్చునేవి. మరుక్షణం ఆ పేజీ అడ్రసు కింద వరుసలో వచ్చేది. సైటు పేరు, గీత, ఆ తర్వాత ఐదారు అక్షరాలు. ఆ ఐదారు అక్షరాలు చేతిలో ఉంటే ప్రపంచంలో ఎక్కణ్ణుంచైనా ఆ పేజీ తెరిచి చదువుకోవచ్చు. పేరు అక్కర్లేదు, పాస్‌వర్డు అక్కర్లేదు. అవి లేవు కాబట్టే, ఒకసారి పెట్టాక అది ఎవరిదని చెప్పుకోవడానికీ లేదు, తీసేయడానికీ లేదు. పెట్టినవాడు కూడా మిగతా అందరిలాగే చదువుకుని పోవాల్సిందే.

ఈ విద్య ఆయనకు తిట్లతో వచ్చింది. ఏదో సందేహం వచ్చి, లినక్సు తెలిసినవాళ్ళు రాత మాటల్లో కబుర్లాడుకునే ఇంటర్నెట్ గదిలోకి దూరి, ముప్ఫై వరుసల ఎర్రరు అక్కడే గుమ్మరించాడట. వాళ్ళు చెడామడా తిట్టి బయటికి తోసేశారు.

"వాళ్ళది న్యాయమే పాపా" అన్నాడు నాతో. "అంగడి ముందర బియ్యం మూట దించి దారికి అడ్డం పెడితే ఎవురికైనా కోపం వస్తాది గదా. మూట గోడౌన్లో ఏసి చీటీ ఎత్తుకొని రమ్మన్నారు. పోయినా, ఏసినా, చీటీ ఎత్తుకొని వచ్చినా. అప్పుడు సూడు, పది మంది వచ్చి చెప్పినారు."

ఆ దూరదేశాల వాళ్ళకు ఆయన అటెండరని తెలియదు. అక్కడ ఆయన్ని 'సర్' అనేవాళ్ళు ఉన్నారు. మా లెక్చరర్లేమో భోజనాల వేళ ల్యాబులో ఎవరూ లేనప్పుడు వచ్చి, "ఏమయ్యా, ఇది కొంచెం చూడు" అని చూపించుకుని, సాయంత్రం క్లాసులో అదే జవాబు బోర్డు మీద రాసేవాళ్ళు. ఇన్‌స్పెక్షన్ కమిటీ వచ్చిన రోజు నేను అక్కడే ఉన్నాను. అరవై మిషన్లు ఒకదానితో ఒకటి మాట్లాడుతున్నాయి, ఎవరు ఏర్పాటు చేశారని కమిటీలో ఒకాయన అడిగాడు. "మా ఫ్యాకల్టీ సార్" అన్నాడు మా హెచ్.ఓ.డి., అంటే మా శాఖకు పెద్ద. ఏర్పాటు చేసిన మనిషి ఆ పక్కనే మజ్జిగ గ్లాసుల ట్రే పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆ ట్రేయే ఇప్పుడు సంతాపం ఫోటోలో మిగిలింది.

"కోపం రాలేదా అన్నా?" అని అడిగాను తర్వాత.

"వచ్చింది పాపా. మజ్జిగలో ఉప్పు మర్చిపోయినా" అన్నాడు.

నవ్వేశాను. ఇప్పుడు నవ్వు రావడం లేదు.

నోటీసు బోర్డు తాళం కూడా ఆయన దగ్గరే ఉండేది. మాలో సగం మంది ఊళ్ళనుంచి బస్సుల్లో వచ్చేవాళ్ళం. పరీక్ష వాయిదా పడిందనో, రేపు ల్యాబు లేదనో సాయంత్రం నోటీసు అంటించేవారు. ఏర్పేడు దిగిపోయినవాడికి, ఐరాల దిగిపోయినవాడికి అది ఎలా తెలియాలి? తెల్లారి రెండు బస్సులు మారి వచ్చి, మూసిన గది చూసి తిరిగిపోవడమే. ఆయనకు ఎవరూ చెప్పలేదు. తనకు తానే ప్రతి సాయంత్రం బోర్డు ముందు నిలబడి ఆ నోటీసును చీటీల మీదికి ఎక్కించుకుని, పైకి వచ్చి, టైపు చేసి, పెట్టేవాడు. నోటీసులో తప్పులుంటే తప్పులతో సహా. కింద తేదీ, టైము, ఆ తర్వాత ఎప్పుడూ ఒకే వరుస. బోర్డులో ఉన్నది ఉన్నట్టు, ఒక్కక్షరం మార్చలేదు అని ఇంగ్లీషులో.

ఊళ్ళనుంచి ల్యాబు ఫోనుకు కాల్ చేస్తే అడ్రసు చెప్పేవాడు. ఆ అడ్రసులో పెద్దక్షరం, చిన్నక్షరం తేడా పోతే పేజీ తెరుచుకోదు. దానికి ఆయన బస్సుల పద్ధతి పెట్టాడు. ఊరి పేరుకు ఇంగ్లీషులో మొదటి అక్షరమే అడ్రసులో అక్షరం. ఎక్స్‌ప్రెస్ ఆగే ఊరు చెప్తే పెద్దక్షరం, పల్లెవెలుగు మాత్రమే ఆగే ఊరు చెప్తే చిన్నక్షరం. "రాసుకో అబ్బా. పుత్తూరు, వడమాలపేట, చిత్తూరు, ఊరు లేని జెడ్, తొమ్మిది" అనేవాడు. మా అందరికీ నోటికి వచ్చేసింది. ఏ నెట్ సెంటర్లోనైనా ఒకడు టైపు చేస్తుంటే పక్కవాడు ఊళ్ళ పేర్లు చదువుతున్నాడంటే వాళ్ళు మా కాలేజీ వాళ్ళే.

నా స్నేహితురాలిది ఐరాల. తిరుపతిలో ఒకే గదిలో ఉండేవాళ్ళం. వాళ్ళ నాయన చెరకు పండించి సొంతంగా బెల్లం వండేవాడు. ఐరాలంటే చిన్న ఐ అని ఆయన ఫోనులో చెప్పినప్పుడల్లా ఇది పోట్లాటకు దిగేది.

"మా ఊరు ఏందన్నా చిన్నది? మండలం అది!"

"ఎక్స్‌ప్రెస్ ఆపించు పాపా, ఆ పొద్దే పెద్దది చేస్తా."

మూడో ఏడు పరీక్షల ముందు హాజరు చాలనివాళ్ళ జాబితా పెట్టారు. అందులో పేరుంటే పరీక్ష రాయనివ్వరు, ఏడాది పోతుంది. గురువారం సాయంత్రం బోర్డులో తొమ్మిది పేర్లు. ఆరో పేరు యాజమాన్యంలో ఒక పెద్దాయన మేనల్లుడిది. అతను కాలేజీకి రావడమంటే గేటు దాకా బైకు మీద వచ్చి, హారను కొట్టి, స్నేహితుల్ని ఎక్కించుకుని పోవడం. ఆ పేరు చూసి మాకు ముచ్చటేసింది. పరవాలేదే, ఈ కాలేజీకి కూడా సిగ్గుందే అనుకున్నాం. ఆయన రోజూలాగే చీటీ మీద ఎక్కించుకుని పైకి పోయి పెట్టాడు.

శుక్రవారం పొద్దున బోర్డులో అదే కాగితం, అదే తేదీ, అదే సంతకం, అవే తొమ్మిది. ఆరో పేరు మాత్రం నా స్నేహితురాలిది.

ఎందుకు తొమ్మిదే ఉండాలి? మేనల్లుడి పేరు తీసేసి ఊరుకోవచ్చు కదా? ఎందుకంటే తొమ్మిది మంది అని యూనివర్సిటీకి ముందే రాసి పంపేశారట. అంకె తప్పితే మాట వస్తుంది. మనిషి మారితే రాదు. బెల్లం వండే రోజుల్లో ఊరికి పోయి పొయ్యి దగ్గర సాయం చేసి వచ్చేది కాబట్టి దీని హాజరు అంచుమీద ఉంది. కానీ అంచుకు పైనే ఉంది. ఇటువైపు రైతు కూతురు, అటువైపు మేనల్లుడు, మధ్యలో ఒక అంకె. నాకు ఇప్పటికీ ఆ లెక్క తలుచుకుంటే పళ్ళు పటపటమంటాయి.

అది బోర్డు ముందే కూలబడింది. "మా నాయన ఇంక చాలంటాడు. ఒక ఏడు పోతే ఇంక పంపడు" అని అదే మాట పదిసార్లు అంది. హెచ్.ఓ.డి. దగ్గరికి పోతే, "నిన్న నువ్వు సరిగా చూసుకోలేదమ్మా. జాబితా ఇదే" అన్నాడు. ఎంత తాపీగా అన్నాడో! నిన్న చూసిన కళ్ళు మావి కావన్నట్టు అన్నాడు.

ల్యాబు వాకిట్లో ఆయన మమ్మల్ని చూసి స్టూలు మీంచి లేచాడు. జేబులోంచి చీటీ తీసి దానికిచ్చాడు.

"నిన్న సాయంత్రం నాలుగూ నలభైకి పెట్టినా. మొత్తం ఉండాది. పోయి మీ నాయనకు సూపించు."

చీటీ మీద పుత్తూరు, ఐరాల, చిత్తూరు, వడమాలపేట, ఏడు, రెండు.

శనివారం వాళ్ళ నాయన వచ్చాడు. నెట్ సెంటర్లో తీయించిన ప్రింటు నాలుగు మడతలు పెట్టి చొక్కా లోపలి జేబులో పెట్టుకున్నాడు. ప్రిన్సిపాల్ బల్ల మీద దాన్ని విప్పి, అరచేత్తో చదును చేసి, "సార్, నాకు ఇంగ్లీషు రాదు. ఈడ నా బిడ్డ పేరు యాడుందో సూపించండి" అన్నాడు. గొంతు పెంచలేదు. కుర్చీ వేయకపోయినా నిలబడి అడిగాడు. సూపించేదాకా పోనన్నాడు. సోమవారం యూనివర్సిటీకి పోయి అక్కడ కూడా ఇదే మాట అడుగుతానన్నాడు.

ఆ ప్రింటు చూసి ప్రిన్సిపాల్‌కు ముచ్చెమటలు పోశాయి. తప్పు చేశామని కాదు. ఎవడు పెట్టాడని!

పది నిమిషాల్లో ల్యాబు మీదికి వచ్చిపడ్డారు. ప్రిన్సిపాల్, హెచ్.ఓ.డి., ఆఫీసు వాళ్ళు ఇద్దరు. బూట్లతోనే. ఆయన స్టూలు మీంచి లేచి "సార్" అన్నాడు. ఆ రోజు ఎవరూ వంగలేదు. నేను లోపల మిషను ముందు కూర్చుని ఉన్నాను.

"అది తీసెయ్" అన్నాడు హెచ్.ఓ.డి.

"తీసే దారి లేదు సార్. పెట్టినోడికి గూడా లేదు" అన్నాడాయన. అక్కడితో ఆగితే బాగుండేది. ఆయన ఆగే మనిషి కాదు, సగం చెప్పడం ఆయనకు చేతకాదు. "దారి ఉన్నా నేను తీయను సార్. అయితే అది వేరే మాట. తీయనని ఇప్పుడు చెప్పడం లేదు, తీయలేనని చెప్తా ఉండా."

"అంటే తీయనంటావు!"

"రెండూ ఒగటి కాదు సార్."

తీయలేనని చెప్పి, తీయనన్న మాట దాచుకుని ఉంటే ఉద్యోగం దక్కేదేమో. దాచుకోలేదు. ఆయన దృష్టిలో అది సగం పెట్టినట్టు.

ఆ తర్వాత వాళ్ళు చేసిన పని ఎవరికి చెప్పినా నమ్మరు. కంప్యూటర్ శాఖ పెద్ద, పీజీ చదివిన మనిషి, దగ్గరుండి ఆయన వాడే మిషను డబ్బాను పీకించి, ఇద్దరు మనుషులతో మోయించి, ఆఫీసు గదిలో బీరువాలో పెట్టించి తాళం వేయించాడు. తాళం మీద కాగితం అంటించి సంతకం కూడా చేశాడు. జాబితా ఆ డబ్బాలో ఉందట. డబ్బా బీరువాలో పడితే జాబితా బీరువాలో పడినట్టేనట. బోర్డులో కాగితం చించినంత సులువు అనుకున్నారు.

సాయంత్రం ఎవరో తిరుపతి నెట్ సెంటర్ నుంచి ఫోను చేసి చెప్పారు, పేజీ ఇంకా తెరుచుకుంటోందని. ఎందుకు తెరుచుకోదు! సైటు ఏ సముద్రం అవతలో ఉంటే వీళ్ళు బీరువాకు తాళం వేశారు. తప్పు తమ బుర్రలో ఉందని ఒక్కడికీ తట్టలేదు. "వీడు బయటికి పోయి మళ్ళీ పెట్టాడు" అన్నారు. నేరం అదీ. ఎంక్వయిరీ అదీ. జాబితా ఎవరు మార్చారన్నది కాదు.

ఎంక్వయిరీ సోమవారం ప్రిన్సిపాల్ గదిలో. నన్నూ పిలిచారు. ల్యాబులో ఎప్పుడూ ఆయన పక్కనే ఉంటానని, ఆయన చేసే పని నాకు తెలుసని అందరికీ తెలుసు. పోయే ముందు హెచ్.ఓ.డి. వరండాలో నాతో నడుస్తూ, "వచ్చే వారం నీ ప్రాక్టికల్స్ నేనే కదమ్మా చూసేది" అన్నాడు.  చిన్నగా నవ్వాడు కూడా.

లోపల ఆయన గోడకు ఆనుకోకుండా నిలబడి ఉన్నాడు. చెవి మీద పెన్సిలు లేదు. అదొక్కటే మొదట కనబడింది నాకు.

"నేను మళ్ళీ పెట్టలేదు సార్. ఒగసారే పెట్టినా. అది మీ బీరువాలో లేదు. తీసేయమని మీరు రాయించిన జాబు గూడా ఆ సైటు ఓనరుకు పంపినా, బదులు రాలేదు. నా మాట నమ్మకపోతే ఈ పాపను అడగండి. ఈ పాపకు తెలుసు."

ప్రిన్సిపాల్ నా వైపు తిరిగాడు. "ఏమ్మా? పెట్టినవాడు తీయలేడా?"

ఆ గదిలో గడియారం, బల్ల మీద గాజు కింద పరిచిన పచ్చటి గుడ్డ, ఆయన కాళ్ళు. గదిలోకి వస్తూ ఆయన చెప్పులు బయట విప్పి వచ్చాడు. వాళ్ళ గదికి ఆ నియమం లేదు.

ఆ తర్వాతి సంగతి చివర చెప్తాను.

ఆయన్ని ఆ సాయంత్రమే పంపేశారు. నా స్నేహితురాలి పేరు జాబితాలోంచి తీశారు, వాళ్ళ నాయన మూడు రోజులు ఆ గది ముందు నుంచి కదలలేదు కాబట్టి. యూనివర్సిటీకి ఎనిమిది మందేనని ఇంకో ఉత్తరం పోయింది. అంకె తప్పితే ఆకాశం ఊడిపడుతుందన్నట్టు బతికారు కదా, ఏమీ ఊడిపడలేదు. మేనల్లుడు కూడా పరీక్ష రాశాడు. రాసి, తప్పి, మళ్ళీ రాసి, ఎలాగో బయటపడి, ఇప్పుడు ఆ కాలేజీ యాజమాన్యంలో ఉన్నాడు. గ్రూపులో ఆ సంతాపం పెట్టింది అతనే. ఆరో పేరు. మరువలేని సేవలట!

ఆయన తర్వాత తిరుపతిలో బస్టాండు దగ్గర ఒక జిరాక్సు అంగడిలో చేరాడని విన్నాను. నేను ఆ వీధి గుండా పోవడం మానేశాను. చుట్టు తిరిగి పోయేదాన్ని. నాలుగేళ్ళ తర్వాత, నాకు ఉద్యోగం వచ్చిన కొత్తలో, బస్టాండులో ఆయనే నన్ను చూశాడు.

"పాపా, బాగుండావా? ఉద్యోగం వచ్చిందంటనే. పెద్దక్షరం అయిపోయినావు పో" అన్నాడు. నవ్వు అలాగే ఉంది. మనిషి చిక్కిపోయాడు.

ఆయనకు చెప్పాల్సిన మాట ఒకటి ఉంది. బస్సు వస్తోందన్నా అని ఎక్కేశాను. అది నా బస్సు కాదు.

సంతాపం చూసిన మూడో రోజు నేను, నా స్నేహితురాలు వడమాలపేటలో వాళ్ళింటికి పోయాం. రెండు గదుల ఇల్లు. వాకిట్లో చెప్పులు విప్పుతుంటే దానికి ఏడుపు ఆగలేదు. ఆయన భార్య మమ్మల్ని చాప మీద కూర్చోబెట్టి, టీ పెట్టింది. గోడకు సంచిలో ఆయన చీటీలు, రబ్బరు బ్యాండ్లు వేసిన కట్టలు. అన్నీ పాత నోటీసులే.

నా స్నేహితురాలు ఫోను తీసి, ఊళ్ళ పేర్లు గొణుక్కుంటూ ఆ అడ్రసు కొట్టింది. ఇన్నేళ్ళయినా మర్చిపోలేదు. పేజీ రాలేదు. ఆ సైటే మూసేసి చాలా ఏళ్ళయిందట. ఎవరూ తీయలేరని చెప్పి ఆయన ఉద్యోగం పోగొట్టుకున్న పేజీ ఉత్త తెల్ల తెరగా మిగిలింది. వీళ్ళ బీరువా చేయలేని పని కాలం చేసింది.

ఆయన భార్య నా వైపు చూసి, "నువ్వేనా ఆ ల్యాబులో పాప?" అంది.

అవునన్నాను. ఇక తిట్టినా పడదామని కూర్చున్నాను.

"నిన్ను గురించి నిండా చెప్తా ఉండె. ఎంక్వయిరీ పొద్దు నువ్వు తెలీదని చెప్తివంట గదా. మా చిన్నాయన ఒగపారి నిన్ను తిడితే ఆయప్ప ఒప్పుకోలా. 'గమ్మునుండు. ఆ పాపను తెలీదని చెప్పమని నేనే ముందర చెప్పినా. పరీక్షలు ఉండాయి, ఆ పాప ఎందుకు చెడిపోవల్ల? నేను చెప్పినట్టే చెప్పింది' అన్నాడు. నీకు ముందే చెప్పి పంపినాడంట గదమ్మా?"

నా స్నేహితురాలు నా మొహం చూసింది. దానికీ తెలియదు. ఇన్నేళ్ళూ దానికి కూడా నేను మొత్తం చెప్పలేదు.

టీ చల్లారిపోయింది. నేను ఆ మాటకు అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. రెండోసారి.

అప్పటినుంచి నిద్ర పట్టడం లేదు. హెచ్.ఓ.డి. మీద కోపం, మేనల్లుడి మీద కోపం, చేతులు జోడించిన బొమ్మల మీద కోపం, అన్నీ ఉన్నాయి. అన్నిటికన్నా ఎక్కువ కోపం ఆయన మీద వస్తోంది. బోర్డు మీద 'హాజరు'ను తప్పుగా రాస్తే ఆ తప్పును కూడా దిద్దకుండా పెట్టిన మనిషి! ఎర్రరులో ఒక్క చుక్క వదిలేస్తే మళ్ళీ పెట్టమన్న మనిషి! జన్మలో ఒక్కసారి ఉన్నదాన్ని మార్చి చెప్పాడు, అది నా కోసం. ఎవరడిగారన్నా నిన్ను?

గ్రూపులో నాలుగు వరుసలు ఉన్నాయి. వాళ్ళింట్లో ఆయన చెప్పిన అబద్ధం ఉంది. పేజీ పోయింది. ఇక ఉన్నది ఉన్నట్టు పెట్టగలిగింది నేనొక్కదాన్నే.

ఆ రోజు ఎంక్వయిరీకి ముందు ఆయన నాకేమీ చెప్పలేదు. మేము కలుసుకోనే లేదు. ప్రిన్సిపాల్ అడిగినప్పుడు ఆయన నా వైపు ధీమాగా చూశాడు. పెట్టినవాడికి కూడా తీసే దారి లేదని నాకు తెలుసు. "నాకు తెలీదు సార్" అన్నాను.